పాస్‌బుక్కులో ఉన్న డబ్బు ఎవరిది?

2014 జూలై మొదటి ఆదివారం మా క్లబ్బులో పదవులు మారాయి. దండలు, శాలువాలు, భోజనాలు అయ్యాక పాత ట్రెజరర్ గారు నన్ను పక్కకి పిలిచి ఒక స్వీట్ల అట్టపెట్టె చేతిలో పెట్టారు. అందులో రెండు రసీదు పుస్తకాలు, ఒక చెక్‌బుక్కు, రబ్బరు బ్యాండు చుట్టిన బిల్లుల కట్ట, బ్యాంకు పాస్‌బుక్కు ఉన్నాయి. "అన్నీ ఇందులోనే ఉండాయి అబ్బయ్యా. బ్యాంకులో లక్షా ఎనభై ఆరు వేలుంది. నీకేం ఇబ్బంది లేదు" అన్నారు.

ఆయన మా నాన్న వయసు మనిషి. కావలిలో ఆయనకు మంచి పేరుంది. క్లబ్బు డబ్బు ఒక్క రూపాయి వాడుకోకపోగా, చాలాసార్లు చేతి నుంచి పెట్టి అడగడం కూడా మానేశారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను రాయబోయేది ఎవరో డబ్బు తిన్న కథ కాదు. పదేళ్లు ఆ లెక్కలు చూశాక నాకు తెలిసిందేమిటంటే, మాలాంటి చిన్న క్లబ్బులకు దొంగతనం కంటే పెద్ద ప్రమాదం డబ్బులన్నీ ఒకే చోట కలిసిపోవడం. ఎవరు దేనికిచ్చారో మర్చిపోతే, మంచివాళ్ల చేతుల్లోనే మాట తప్పిపోతుంది.

మాది ఒక అంతర్జాతీయ సేవా సంస్థకు అనుబంధంగా ఉన్న క్లబ్బు. అప్పటికి 32 మంది సభ్యులం. డాక్టర్లు, లెక్చరర్లు, షాపుల వాళ్ళు, రొయ్యల గుంటల రైతులు. నాకు ట్రంకు రోడ్డులో మందుల షాపు ఉంది. రోజూ క్యాష్ చూసుకునేవాణ్ణి కదా, ఇదేం పెద్ద పని అనుకుని ఒప్పుకున్నాను.

ఆ రాత్రి షాపు షట్టరు సగం దించి, కౌంటరు మీద బిల్లులన్నీ పరిచాను. హోటల్ టిఫిన్ బిల్లు ఒకటి తిప్పి చూస్తే వెనకాల పెన్సిలుతో "కంటి క్యాంపు బస్సు 4,200" అని ఉంది. అది ఖర్చయిందా, ఇవ్వాలా, ఎవరికిచ్చారు? ఏమీ లేదు. రసీదు పుస్తకాల్లో వరస నంబర్లు మధ్యలో తప్పాయి. ఇద్దరు చెరొక పుస్తకం పట్టుకుని వసూలు చేశారట. అవి కుదుర్చుకోవడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మా ఆవిడ చదువుతుంటే నేను రాసుకునేవాణ్ణి.

చివరికి తేలిన లెక్క ఇది. తుమ్మలపెంట వైపు గుంటలున్న రైతు ఒకాయన కంటి ఆపరేషన్ల క్యాంపు కోసం 60,000 ఇచ్చాడు, క్యాంపు ఇంకా జరగలేదు. బెంగళూరులో స్థిరపడిన మన ఊరి కుటుంబం బడికి బెంచీల కోసం 45,000 పంపింది, బెంచీలు చేయించలేదు. రిటైరైన హెడ్మాస్టరు గారొకరు పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలకు బహుమతులివ్వమని 50,000 ఇచ్చి, అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడమన్నారు. ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ 2011లోనే రద్దు చేశారు. "హాలు అద్దె బకాయి తీర్చి, వీలున్నప్పుడు మళ్ళీ వేయాలి" అని మినిట్స్ పుస్తకంలో తీర్మానం ఉంది. వీలు ఎప్పుడూ కుదరలేదు. ఇక అంతర్జాతీయ సంస్థకు జూలైలో కట్టాల్సిన అర్ధ సంవత్సరం చందా తలకు 27 డాలర్లు. డాలరు 60 రూపాయల లెక్కన 32 మందికి 51,840. ఆ చందా సభ్యులు జూన్‌లోనే ఇచ్చేశారు, అది కూడా పాస్‌బుక్కులోనే ఉంది.

అన్నీ కూడితే 2,06,840. ఉన్నది 1,86,000. అంటే క్లబ్బు దగ్గర సొంత డబ్బు లేకపోగా 20,840 తక్కువ పడింది. కూడిక తప్పేమోనని మూడుసార్లు చేశాను. నాకు నిజంగా చెమటలు పట్టాయి. మూడు వారాల ముందు అందరి ముందూ మైకులో "మన క్లబ్బు ఆర్థికంగా బలంగా ఉంది" అని చెప్పింది నేనే.

తర్వాతి మీటింగులో ఒక ఠావు కాగితం మీద ఈ లెక్క రాసుకెళ్లి చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డాక్టరు గారు ఒకరు "అయితే మనం అప్పులో ఉండామా?" అన్నారు. "బ్యాంకుకు కాదు సార్, ఇచ్చినవాళ్లకు" అన్నాను. పాత ట్రెజరర్ గారు లేచి, "ఆ 20 వేలు నేనిస్తా, ఈ మాట ఇక్కడితో వదిలేయండి" అన్నారు. ఆయన మొహం చూసి నాకే బాధేసింది. అయినా ఒప్పుకోలేదు. ఒకరు జేబులోంచి ఇచ్చి పూడిస్తే, రెండేళ్లకు మళ్ళీ అదే గొయ్యి పడుతుంది. చివరికి తలా 2,000 వేసుకోవాలని తీర్మానించాం. 27 మంది ఇచ్చారు, 54,000 వచ్చింది. దానితో 2015 మార్చిలో హెడ్మాస్టరు గారి డిపాజిట్ తిరిగి వేశాం. ఆయన అప్పటికే కాలం చేశారు. వాళ్ల అమ్మాయికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. రసీదు జిరాక్సు ఒకటి పంపమంది, అంతే.

రెండో పని రెండు ఖాతాలు పెట్టడం. ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. లయన్స్, రోటరీ లాంటి సంస్థల్లో సభ్యుల చందాలు క్లబ్బు నడపడానికి, జనం దగ్గర తీసుకున్నది జనం కోసమే అని చాలాకాలంగా చెప్తూనే ఉన్నారు. మా దగ్గర అది కాగితాల మీదే ఉండిపోయింది. ఒకే ఖాతాలోంచి టిఫిన్‌కీ చెక్కు రాసేవాళ్ళం, కంటద్దాలకీ రాసేవాళ్ళం.

బ్యాంకు వాళ్ళు సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, పాన్ కార్డు, తీర్మానం, సంతకాలు పెట్టేవాళ్ల గుర్తింపు కాగితాలు అడిగారు. అవన్నీ ఉన్నాయి. రిజిస్ట్రారు ఆఫీసులో ప్రస్తుత కమిటీ పేర్లు ఉండాలి అన్నారు, అక్కడ చిక్కుకున్నాం. మన రాష్ట్ర 2001 సొసైటీల చట్టం ప్రకారం ప్రతి ఏడాదీ సర్వసభ్య సమావేశం అయ్యాక కమిటీ జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. మేం ఆరేళ్లుగా ఇవ్వలేదు. రికార్డుల ప్రకారం మా క్లబ్బు అధ్యక్షుడు అప్పటికి రెండేళ్ల క్రితం చనిపోయిన మనిషి. బస్సెక్కి నెల్లూరుకు నాలుగుసార్లు తిరిగి, పాత ఏళ్ల జాబితాలన్నీ వేసి, ఆలస్య రుసుము కట్టుకుని వచ్చాం. రెండో ఖాతా తెరిచేసరికి అక్టోబరు అయింది.

ఖాతాలు విడిపోయాక టిఫిన్ ఖర్చు బయటపడింది. నెలకు రెండు మీటింగులు, మీటింగుకు ఇడ్లీ, వడ, కాఫీ కలిపి 1,800. ఏడాదికి 43,200. ఇంతకాలం ఇందులో కొంత బెంచీల డబ్బులోంచి పోయిందన్నమాట. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బాగుండదు. టిఫిన్ ఆపేద్దామన్నాను. "కాఫీ కూడా లేని మీటింగుకు ఎవరొస్తారు?" అని పెద్దాయన ఒకరు అడిగారు. ఆయన అన్నట్టే రెండు నెలలు పది మంది కూడా రాలేదు. తర్వాత మీటింగులు సభ్యుల ఇళ్లల్లో వంతులవారీగా పెట్టుకున్నాం. ఆడవాళ్ళు కూడా కూర్చోవడం మొదలైంది. వాళ్ళడిగే ప్రశ్నలు మా వాళ్ల కంటే సూటిగా ఉండేవి.

కొత్తగా ట్రెజరర్ అయ్యేవాళ్లకు ఒక మాట. క్లబ్బు సంవత్సరం జూలై నుంచి జూన్ దాకా, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. జూన్‌లో దిగిపోయే ట్రెజరర్ మార్చి లెక్కలు ముగించకుండానే వెళ్లిపోతాడు, వచ్చినవాడికి ఆ మూడు నెలలు చీకటే. అందుకని నేను మార్చి 31న ఒకసారి, జూన్ 30న ఒకసారి పుస్తకం కట్టేసేవాణ్ణి. పని రెండింతలైనా ఆడిటర్ గారి దగ్గర తల దించుకోవాల్సిన అవసరం రాలేదు.

చందా సంగతి చెప్పాలంటే డాలరు సంగతి చెప్పాలి. 2014లో ఏడాదికి తలకు 54 డాలర్లు, మన డబ్బుల్లో దాదాపు 3,240. నేను దిగిపోయిన 2024లో 78 డాలర్ల 50 సెంట్లు, డాలరు 83 రూపాయలు దాటింది, 6,550 దాకా వచ్చింది. అక్కడ పెరిగింది సగం కంటే తక్కువే, ఇక్కడికొచ్చేసరికి రెట్టింపు. కావలి లాంటి ఊళ్లో చిన్న షాపు పెట్టుకున్న మనిషికి, దానిమీద క్లబ్బు సొంత చందా కూడా కలుపుకుంటే, బరువే. 32 మందిమి 2021 నాటికి 19 మందిమయ్యాం. మానేసినవాళ్లలో చాలామంది సేవ మీద మనసు లేక మానలేదు. రక్తదానం క్యాంపుకు ఇప్పటికీ వస్తారు, సభ్యత్వం మాత్రం వద్దంటారు.

దాతల చెయ్యి రొయ్యల ధరను బట్టి ఉంటుంది. రొయ్యలు మంచి ధర పలికిన ఏడాది మేం అడగకుండానే ఫోన్లు వస్తాయి. తెల్ల మచ్చ రోగం తగిలి గుంటలు ఖాళీ చేసుకున్న ఏడాది, పోయినసారి ఇచ్చినాయనను అడగడానికి నోరు రాదు. అందుకని ఆ ఏడాది వచ్చింది ఆ ఏడాదే ఖర్చుపెట్టేయకుండా, వచ్చిన దాంట్లో కొంత పక్కన పెట్టుకోవాలని నేర్చుకున్నాం. దానికీ ఒక హద్దుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో సేవా సంస్థలకు పన్ను మినహాయింపు ఇచ్చే 12ఎ సెక్షన్ కింద రిజిస్టరైన సంస్థ ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయాలకు ఖర్చుపెట్టాలి. మిగిలిన 15 శాతానికి మించి దాచాలంటే దేనికోసమో ముందే ఫారం వేసి చెప్పాలి. ఇది తెలియక ఒక ఏడాది ఎక్కువ మిగిల్చి "పొదుపు చేశాం" అని గర్వంగా ఆడిటర్ గారికి చూపించాను. ఆయన ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు.

ఇక ఫ్రీజర్ బాక్సు. మా పదేళ్ల లెక్కల్లో నాకు ఎక్కువ నేర్పింది అదే.

2015లో ఒక కుటుంబం వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు కొనిచ్చింది. పైన గాజు మూత, కింద కంప్రెసరు, పక్కన ఆయన పేరు పెద్ద అక్షరాలతో. అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లలు వచ్చేదాకా శవాన్ని ఉంచాలి కదా. ఊళ్లో అప్పటికి అద్దెకిచ్చేవాళ్ళు రోజుకు రెండు వేలు దాకా తీసుకునేవాళ్ళు. మేం మాత్రం ఎంతో కొంత, మీకు తోచినంత ఇవ్వండి అన్నాం.

మొదటి ఏడాది బాక్సు 71 ఇళ్లకు వెళ్లింది. డబ్బులిచ్చింది 43 ఇళ్ల వాళ్ళు, మొత్తం 19,300. ఖర్చు 31,700. ఆటో బాడుగ, ఎత్తి దించే మనుషులు, తిరిగొచ్చాక బ్లీచింగుతో కడిగే అబ్బాయికి జీతం, పల్లెల్లో వోల్టేజీ పడిపోయి రెండుసార్లు కాలిన కంప్రెసరు, ఆ తర్వాత కొన్న స్టెబిలైజరు. ఈ తేడా ఎక్కణ్ణుంచి తేవాలి? దాతను అడిగితే "బాక్సు కొనిచ్చాం కదండీ" అన్నారు. అందులో తప్పేమీ లేదు. వస్తువు కొనిచ్చేవాళ్ళు దొరుకుతారు. అది రోజూ నడవడానికయ్యే ఖర్చు ఇచ్చేవాళ్ళు దొరకరు. మంచినీళ్ల ప్లాంటు పెట్టినా, బడికి కంప్యూటర్లిచ్చినా ఇదే. మా చుట్టుపక్కల ఫిల్టరు మార్చక మూతపడిన వాటర్ ప్లాంట్లు ఎన్ని చూశాను! ప్రారంభోత్సవం శిలాఫలకం మాత్రం కొత్తగానే ఉంటుంది.

చావింట్లో డబ్బులడగడం ఎవరికీ చేతకాదు. నాకూ కాదు. తర్వాత అడుగుదామంటే ఆ తర్వాత అనేది రాదు. ఒక పొద్దున షాపు తీస్తుంటే మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సముద్రం మీదికెళ్లే మనిషని చూడగానే తెలుస్తుంది. పంచె కొంగు ముడి విప్పి, మడత మీద మడత పెట్టిన మూడు వందనోట్లు తీశాడు. "పదకొండో రోజు అయిపోయింది నిన్న. ఐస్ బాక్సుకి" అన్నాడు. నేను వాళ్ళింటి నుంచి ఏమీ ఆశించలేదు, వద్దులే పెద్దాయనా అన్నాను. ఆయన లేవలేదు. "రసీదు రాయబ్బయ్యా. నా పేరు గాదు, మా ఆడమనిషి పేరు రాయి" అన్నాడు. రాసిచ్చాను. చదవడం రాదు, అయినా వేలితో ఆ పేరున్న చోటు చూపించమని, చూసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఆ రసీదు రాశాకే నాకు ధైర్యం వచ్చింది. తోచినంత అనడం మర్యాదే గానీ, అవతలి మనిషికి అది ఎంతివ్వాలో తెలియని ఇబ్బంది కూడా. 2017 నుంచి పద్ధతి మార్చాం. ఆటో బాడుగ ఇంటివాళ్లే నేరుగా ఆటో అతనికిస్తారు. క్లబ్బుకు రోజుకు 500, రసీదు తప్పనిసరి. ఇవ్వలేనివాళ్లకు ఉచితం, కానీ ఆ 500 సేవా ఖాతాలోంచి బాక్సు పద్దుకు జమ చేస్తాం. అలా చేస్తేనే ఉచితానికి ఎంతవుతుందో మాకు తెలుస్తుంది. ప్రతి 500లో 200 పక్కకు తీసి "కొత్త పెట్టె నిధి" అని వేరుగా రాస్తూ వచ్చాను. ఎందుకీ చాదస్తం అని కొందరన్నారు. పాతదవని యంత్రం లేదు కదా!

నోట్ల రద్దు రోజులు కూడా మర్చిపోలేనివి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు చెల్లవన్నారు. వారం తిరక్కుండా ఒకాయన ఇంటికొచ్చి, రెండు లక్షల పాత నోట్లు క్లబ్బుకు విరాళంగా రాసుకోండి, డిసెంబరు 30 లోపు మీ ఖాతాలో వేసుకుని, తర్వాత లక్షన్నర ఏదో పని పేరుతో తిరిగివ్వండి, యాభై వేలు మీకే అన్నారు. అప్పటికి మాకు కంటి క్యాంపుకు సరిగ్గా అంతే తక్కువ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అధ్యక్షుడి గారింటికి వెళ్లి చెప్పాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, "వద్దు" అన్నారు. క్యాంపు ఫిబ్రవరికి వాయిదా వేసుకున్నాం.

నగదు మీద ఇంకో గొడవ ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి 2,000 దాటిన నగదు విరాళానికి 80జి మినహాయింపు, అంటే దాతకు ఆదాయపు పన్నులో వచ్చే తగ్గింపు, రాదు. అంతకుముందు పది వేల దాకా ఉండేది. పది వేలు నగదు తెచ్చి, రెండేసి వేలకు ఐదు రసీదులు వేరే వేరే తేదీలతో రాయమనేవాళ్ళు. రాయలేదు. ఇద్దరు దాతలు దూరమయ్యారు, ఒకరు ఏడాది తర్వాత చెక్కుతో తిరిగొచ్చారు.

కరోనా రెండేళ్లలో హెడ్మాస్టరు గారి డిపాజిట్ వడ్డీ ఎనిమిదిన్నర శాతం నుంచి 5.4కు పడిపోయింది. ఏడాదికి 4,250 వచ్చేది కాస్తా 2,700. పైగా 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షలే జరగలేదు, అందరినీ పాస్ చేశారు. బహుమతి ఎవరికివ్వాలి? అప్పుడు పంచే బియ్యం సంచులకు డబ్బులు చాలక, ఆ వడ్డీ వాడేద్దామని ఒక మాట వచ్చింది. మంచి పనికే. కానీ 2011లో కూడా అలాంటి మాటతోనే మొదలైంది. ఆ వడ్డీ అలాగే ఉంచాం. 2022లో పరీక్షలు జరిగాక మూడేళ్లది కలిపి, ముగ్గురికి బదులు ఏడుగురికి పుస్తకాలు, డిక్షనరీలు ఇచ్చాం.

2021 నవంబరులో పెన్నా పొంగింది. నెల్లూరు, పడుగుపాడు మధ్య పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్ళు ఆగిపోయాయి. మేం క్యూఆర్ కోడ్ ఒకటి వాట్సాప్‌లో పెట్టాం. నాలుగు రోజుల్లో, మా క్లబ్బు పుట్టాక ఏ నాలుగు నెలల్లోనూ రానంత డబ్బు వచ్చింది. దుప్పట్లు, గిన్నెలు, పాలపొడి పంచాం. సంతోషంగానే ఉంది. టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. స్టేట్‌మెంటులో చూస్తే సగం పేర్లే, కొన్నిచోట్ల ఫోన్ నంబరు మాత్రమే. ఎవరిచ్చారో తెలియని విరాళాలు ఒక హద్దు దాటితే 30 శాతం పన్ను పడుతుంది. ఆ హద్దు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. అదే ఏడాది నుంచి 10బిడి అనే ఫారం కూడా వచ్చింది. దాతల పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ నంబరుతో మే 31 లోపు వేయాలి, ఆలస్యమైతే రోజుకు 200 రుసుము. అది వేస్తేనే దాతకు 80జి సర్టిఫికెట్ వస్తుంది.

మూడొందలిచ్చిన మనిషికి ఫోన్ చేసి "మీ పాన్ నంబరు చెప్పండి" అంటే ఏమంటారు? సైబర్ దొంగ అనుకుని తిట్టి పెట్టేశారు కొందరు. మేమే తర్వాత దారి మార్చుకున్నాం. ఫోన్ చేసి ముందు దుప్పట్లు పంచిన ఫొటో పంపి, ఎవరికిచ్చామో చెప్పి, ఆ తర్వాత వివరాలడిగాం. చాలామంది ఇచ్చారు. లక్ష హద్దు దాటకుండా బయటపడ్డాం. ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యూఆర్ కింద "డబ్బు వేశాక మీ పేరు, ఊరు ఈ నంబరుకు పంపండి" అని రాశాం.

ఆ పని మధ్యలోనే 12ఎ గండం. పాత రిజిస్ట్రేషన్లు ఉన్న ట్రస్టులు, సంఘాలన్నీ 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో మళ్ళీ నమోదు చేసుకోవాలన్నారు. గడువు ముందు జూన్ 30 అన్నారు, తర్వాత ఆగస్టు 31, తర్వాత 2022 మార్చి 31. ఫారం 10ఎ కి పాత ఉత్తర్వు కాపీ కావాలి. మా దగ్గర నంబరుంది గానీ కాగితం లేదు. క్లబ్బు బీరువా, పాత ఆడిటర్ ఆఫీసు, మాజీ అధ్యక్షుల ఇళ్ళు, అన్నీ వెతికాం. చివరికి మా వ్యవస్థాపక కార్యదర్శి గారి భార్య, ఎనభై దాటిన ఆవిడ, "ఆయన ట్రంకు పెట్టె ఎవరూ తియ్యలేదు, చూసుకో నాయనా" అన్నారు. పెళ్లి శుభలేఖల కింద, ప్లాస్టిక్ కవరులో, చెదపట్టకుండా దొరికింది. ఆ కాగితం వెనకాల ఆయన చేత్తో, పోస్టు ఖర్చు 12 రూపాయలు అని రాసి, కింద సంతకం పెట్టి ఉంది. అంత పాత కాలంలో, చూసేవాళ్ళు లేనిచోట కూడా, 12 రూపాయలకు లెక్క రాసిన మనిషి! నేను ఆ కాగితం పట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. మార్చి మూడో వారంలో ఫారం వేశాం, ఐదేళ్లకు ఉత్తర్వు వచ్చింది.

ఈ 80జి కోసం ఇంత పడ్డాక, ఇప్పుడు దాతల్లో చాలామంది కొత్త పన్ను విధానంలోకి వెళ్లిపోయారు. అందులో 80జి మినహాయింపు లేదు. ముందు రసీదు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసేవాళ్ళు ఇప్పుడు అడగడం లేదు. విరాళాలు తగ్గుతాయని భయపడ్డాను. పెద్ద మొత్తాలు కొంత తగ్గిన మాట నిజమే, చిన్నవి మాత్రం తగ్గలేదు.

2024 జూన్ 30న లెక్కలు మూసి, కొత్త ట్రెజరర్‌కు అప్పగించాను. ఆమె స్కూల్ టీచరు, ముప్పై ఐదేళ్ళుంటాయి. అప్పటికి సభ్యులం 24 మందిమి. నేను ఇచ్చినవాటిలో మొదటిది ఒకే ఒక్క పేజీ. బ్యాంకులో ఎంతుంది, అందులో ఎవరిది ఎంత, దేనికోసం, చివర మిగిలిన క్లబ్బు సొంత డబ్బు ఎంత. ఆ చివరి అంకె 38,150. పెద్దదేం కాదు, కానీ అది మాదే. ఆమె పేజీ చదివి మూడు ప్రశ్నలడిగింది. ఒకదానికి నా దగ్గర సరైన జవాబు లేదు. బడి కంప్యూటర్ల మరమ్మతుకు నిధి ఎందుకు పెట్టలేదని అడిగింది. పెట్టాల్సింది. ఆమె ఆ జూలైలోనే మొదలుపెట్టింది.

మా ఐదేళ్ల ఉత్తర్వు గడువు 2026 మార్చి దాకానే కాబట్టి, ఆరు నెలల ముందే, 2025 సెప్టెంబరు లోపు మళ్ళీ దరఖాస్తు చేయాల్సి వచ్చింది. ఏడాదికి ఐదు కోట్ల లోపు ఆదాయం ఉన్న చిన్న సంస్థలకు ఈ కొత్త పద్ధతి నమోదు (12ఎబి) 2025 ఏప్రిల్ నుంచి పదేళ్లకు ఇవ్వడం మొదలైంది. ఆడిటర్ గారు మూడేళ్ల లెక్కలు అడిగిన రోజు సాయంత్రానికే ఆమె పంపేసింది. నన్ను ఏమీ అడగాల్సిన పని పడలేదు.

అంతకుముందే, 2025 జనవరిలో, పాత ఫ్రీజర్ బాక్సు కంప్రెసరు ఇక బాగుపడదని మెకానిక్ తేల్చేశాడు. కొత్తది జీఎస్టీతో కలిపి 84,000. కొత్త పెట్టె నిధిలో 96,400 ఉంది. ఏ దాత ఇంటికీ వెళ్లకుండా, చెక్కు రాసి తెచ్చుకున్నాం. పక్కన ఎవరి పేరు రాయాలని మీటింగులో కాసేపు చర్చ జరిగింది. ఎనిమిదేళ్ల రసీదుల్లో ఉన్న పేర్లన్నీ ఆ బాక్సు మీద పట్టవు. పెయింటరుతో క్లబ్బు ఫోన్ నంబరు మాత్రం పెద్దగా రాయించాం. అది తెచ్చిన మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది, జలదంకి దగ్గర ఒక ఊరి నుంచి.